ఆరోగ్య విషయములు: దిగులు మందును నడుమ ఏల మానుదురు?



ఒమాను దేశమందు బాతినా తీరమున ఖర్జూరపు తోటలును, దక్షిణమున సలాలా చెంత కొబ్బరి, అరటి తోటలును కలవు. అట్టి తోటలకు కూలికి పోయినవారికి ఒంటరితనము, అప్పు, ఎండ, ఇంటి బెంగ ఏకమైనప్పుడు కొందరికి దిగులు వ్యాధి పట్టును. రెండు వారములకు మించి ప్రతిదినము మనస్సు క్రుంగి, నిద్రయు ఆకలియు చెడి, ఏ పనియందును ఆసక్తి లేకుండుట దీని లక్షణము. ఇది సోమరితనము కాదు, విశ్వాసలోపమును కాదు, వ్యాధి. దీనికి మందు కలదు. అయినను మొదలిడినవారిలో అనేకులు త్వరలోనే మానివేయుచున్నారు. అమెరికాలో 2006వ సంవత్సరమున ప్రకటింపబడిన యొక పరిశోధనలో నూటికి సుమారు 42 మంది 30 దినములలోనే మానినట్లు తేలెను. కావున ఇది చదువులేని కూలివాని దోషమని ఎవరును తలంపరాదు.

మొదటి కారణమేమనగా, ఈ మందునకు కష్టము ముందు, మేలు తరువాత. జ్వరపు మాత్ర గంటలో పనిచేయును. దిగులు మందు గుణమిచ్చుటకు రెండు మొదలు నాలుగు వారములు, ఒక్కొక్కప్పుడు ఆరు వారములు పట్టును. వికారము, తలనొప్పి, మగత, నిద్రలేమి మాత్రము మొదటి దినములలోనే కలుగవచ్చును. వీనిలో పెక్కు కొలది వారములలో తగ్గును. దాంపత్యమందు కోరిక తగ్గుటయు కలదు. సిగ్గుచే దానిని చెప్పజాలక మందునే మానువారు కలరు. ఖర్జూరపు చెట్టెక్కువానికి తల తిరుగుట చిన్న సంగతి కాదు. కొన్ని పాత తరగతి మందులు చెమటను తగ్గించి, ఎండలో పనిచేయువానిని వడదెబ్బకు గురిచేయగలవు. కాబట్టి తాను చేయు పని యెట్టిదో వైద్యునికి తెలుపవలయును. ఆయన మందును మార్చగలడు, మోతాదు తగ్గింపగలడు, రాత్రివేళ తీసికొమ్మనగలడు. చెప్పక మానినవానికి ఈ మూడు ఉపాయములును దక్కవు.

రెండవ కారణము, మేలు కలుగుటయే. నిద్ర పట్టెను, ఆకలి కలిగెను, ఇక మందేల యని తలంతురు. నాటిన ఖర్జూరపు పిలక చిగిర్చినంతనే నీరు మాను తోటమాలి కలడా? కుదుటపడిన పిమ్మట కనీసము ఆరు మాసములు మందు సాగింపవలెను; లేనిచో వ్యాధి తిరుగబెట్టు భయము హెచ్చు. హఠాత్తుగా మానినచో తలతిరుగుట, చికాకు, నిద్రలేమి కలుగవచ్చును. ఇది చూచి మందునకు బానిసనైతినని కొందరు భయపడుదురు. ఇది సారాయివంటి వ్యసనము కాదు. శరీరము అలవాటుపడిన దానిని ఒక్కసారిగా తీసివేయుటవలని బాధ. వైద్యుని సలహాతో క్రమముగా తగ్గించినచో ఈ బాధ చాలవరకు తప్పును.

మూడవ కారణము భయము. యజమానుడు ఎరిగిన ఇంటికి పంపునేమో, తోటివారు పిచ్చివాడందురేమో, మందు ఖర్చుచే ఇంటికి పంపు సొమ్ము తగ్గునేమో యని రోగి లోలోపల కుములును. ఇట్టివానితో ఇంటివారు, "మాత్రలేల, ప్రార్థన చేసికొమ్ము" అని ఫోనులో చెప్పినచో, ప్రేమతో చెప్పినను, అది మాన్పించుటయే యగును. అరణ్యములో బదరీవృక్షము క్రింద చావు కోరిన ఏలీయాను దేవుడు గద్దింపలేదు. మొదట నిద్రయు, రొట్టెయు, నీళ్లును దయచేసెను. దూత ఒకమారు తినిపించి విడిచిపోక, రెండవమారును లేపి తినిపించెను. మనవారికిని ఆ రెండవమారు లేపువారే కావలెను.

కాబట్టి ఇంటనున్నవారు చేయవలసినది యిది. మొదటి ఆరు వారములు తరచుగా ఫోను చేసి, నిద్రయెట్లున్నది, ఏమి భుజించితివి, మందువలన బాధ యేమైన కలదా యని అడుగుడి. "ఈ నెల తక్కువ పంపినను సరియే, ముందు మందు కొనుము" అని మీరే చెప్పుడి. ఆ మాట అతడు తానై అడుగలేడు. 25 ఏండ్ల లోపువారికి మొదటి వారములలో చావు తలంపులు హెచ్చుట కలదు. ఏ వయస్సువాడైనను అట్టి మాట పలికినచో ఒంటరిగా విడువక, గదిలోని తోటివారికి తెలిపి, వెంటనే ఆసుపత్రికి చేర్పింపుడి. మస్కటు చెంత అల్ అమిరాత్‌లో మనోవ్యాధులకు అల్ మసర్రా ఆసుపత్రి కలదు. అరబ్బీలో ఆ పేరునకు సంతోషమని అర్థము. మన దేశమందున్నవారు 2022 అక్టోబరులో ప్రారంభింపబడిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. దానికి రుసుము లేదు.

సెలవుపై వచ్చినవారు తిరిగి పోవునప్పుడు మందుతోపాటు వైద్యుని చీటీని వెంట నుంచుకొనవలెను. మందు మానదలచినవాడు వైద్యునితో చెప్పిన తరువాతనే మానవలెను.