జూన్ 4 లెక్క తేలాలి

2024 మే 13న కేంద్ర హోంమంత్రి అమిత్ షా ఒక టీవీ ఇంటర్వ్యూలో జూన్ 4 లోపు షేర్లు కొనుక్కోండి, ఆ తర్వాత మార్కెట్ దూసుకెళ్తుందని చెప్పారు. కొద్ది రోజులకే ప్రధాని నరేంద్ర మోదీ కూడా ఫలితాల నాడు మార్కెట్ కొత్త రికార్డులు సృష్టిస్తుందన్నారు. జూన్ 1 సాయంత్రం చివరి విడత పోలింగ్ ముగియగానే ఎగ్జిట్ పోల్స్ ఎన్డీయేకు భారీ మెజారిటీ కట్టబెట్టాయి. సోమవారం, జూన్ 3న సెన్సెక్స్ 2,507 పాయింట్లు ఎగబాకింది. మర్నాడు ఓట్ల లెక్కింపులో బీజేపీ సొంతంగా మెజారిటీ దాటదని తేలుతుంటే 4,390 పాయింట్లు కూలిపోయింది. షేర్ల విలువలో సుమారు 31 లక్షల కోట్ల రూపాయలు ఒక్కరోజులో ఆవిరయ్యాయి.

ఎన్నికల ప్రకటన వెలువడిన నాటి నుంచి ఓట్ల లెక్కింపు ముగిసేదాకా ప్రధాని గానీ, కేంద్ర మంత్రులు గానీ షేర్లు కొనమని, అమ్మమని చెప్పకూడదు. సూచీలు ఎటు వెళ్తాయో జోస్యమూ చెప్పకూడదు. దీన్ని ఎన్నికల ప్రవర్తనా నియమావళిలోనే చేర్చాలి. డబ్బు తీసుకుని ఫలానా షేరు కొనండని సలహా ఇచ్చేవారు ఎవరైనా మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దగ్గర నమోదు కావాలి, తమ ప్రయోజనాలేమిటో వెల్లడించాలి. మామూలు సలహాదారుకే అన్ని కట్టుబాట్లు ఉన్నప్పుడు, బడ్జెట్ రాసేవారికి, సెబీ అధ్యక్షుణ్ణి నియమించేవారికి ఏ కట్టుబాటూ లేకపోవడం న్యాయం కాదు. వారి నోటి మాటను జనం పార్టీ ప్రచారంగా వినరు. లోపలి సంగతి తెలిసినవారి భరోసాగా వింటారు.

ఫలితాల వారం ఎవరు నష్టపోయారన్న ప్రశ్నకు రాజకీయ పక్షాలు చెరో జవాబు చెప్పాయి. చిన్న మదుపరులను ముంచారంటూ రాహుల్ గాంధీ సంయుక్త పార్లమెంటరీ సంఘాన్ని డిమాండ్ చేశారు. ఎక్కువ ధరకు కొని తక్కువకు అమ్ముకున్నది విదేశీ మదుపరులేనని, మనవాళ్లు లాభపడ్డారని బీజేపీ నేత పీయూష్ గోయల్ బదులిచ్చారు. గోయల్ మాటను కొట్టిపారేయలేం. ఫలితాల రోజున విదేశీ సంస్థలు భారీగా అమ్మిన మాట, దేశీయ చిన్న మదుపరులు కొన్న మాట నిజమే. పైగా శుక్రవారం, జూన్ 7 నాటికి సెన్సెక్స్ సోమవారం ముగింపును దాటేసింది. షేర్లు చేతిలో పెట్టుకుని ఓపిక పట్టినవారికి, నెలనెలా సిప్ కట్టేవారికి ఆ వారం ఒక కుదుపు మాత్రమే.

అయితే ఇదంతా నగదు మార్కెట్ లెక్క. అసలు దెబ్బ తగిలింది ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో. జూన్ 3 ముగింపు దగ్గర నిఫ్టీ ఫ్యూచర్స్ ఒక లాట్ కొన్న మనిషిని తీసుకోండి. నిఫ్టీ 23,264. లాట్‌కు అప్పట్లో 25 యూనిట్లు. అంటే దాదాపు 5.8 లక్షల రూపాయల బేరం. అందులో కొద్ది భాగమే మార్జిన్‌గా కట్టి ఇంత బేరంలోకి దిగుతాడు. మర్నాడు ఒక దశలో నిఫ్టీ 21,300 కిందికి జారింది. అప్పటికి అతని నష్టం దాదాపు యాభై వేలు. మార్జిన్ సరిపోదు, ఇంకా డబ్బు కట్టమని బ్రోకర్ నుంచి మెసేజ్ వస్తుంది. కట్టలేకపోతే బ్రోకరే పొజిషన్ కోసేస్తాడు. శుక్రవారం మార్కెట్ కోలుకుంటే అతనికి ఒరిగేదేమీ లేదు, అతను మంగళవారమే బయటపడ్డాడు. కొండంత మూలధనం ఉన్నవాడు మాత్రం ఆ నాలుగు రోజులూ తట్టుకుని నిలబడ్డాడు. సూచీ తిరిగి పైకొచ్చింది గనుక ఎవరికీ నష్టం లేదన్న వాదన నిలవనిది ఇక్కడే.

లాట్ 25 యూనిట్లన్న సంగతి దగ్గర ఆగాలి. అది అంతకుముందు 50 ఉండేది. ఎన్నికల పోలింగ్ మొదలయ్యాక, 2024 ఏప్రిల్ చివర్లో ఎక్స్ఛేంజ్ దాన్ని సగానికి తగ్గించింది. సూచీ పెరిగింది గనుక అప్పటి నిబంధన ప్రకారమే తగ్గించారు, అందులో కుట్ర వెతకనక్కర్లేదు. కానీ ఫలితం ఏమిటి? ఒడుదొడుకులు ఎక్కువగా ఉండే నెలల్లోనే ఈ ఆటలోకి దిగడానికి కావలసిన డబ్బు సగమైంది. ఎఫ్‌అండ్‌ఓలో దిగిన వ్యక్తుల్లో 89 శాతం మంది 2021-22లో నష్టపోయారని సెబీ అధ్యయనమే 2023 జనవరిలో చెప్పింది. కనీస కాంట్రాక్టు విలువను 15 లక్షలకు పెంచి, వారపు ఎక్స్‌పైరీలను ఎక్స్ఛేంజ్‌కు ఒక్క సూచీకే పరిమితం చేసే ఉత్తర్వు వచ్చింది మాత్రం 2024 అక్టోబరు 1న. ఆ ఉత్తర్వుకు కొద్ది రోజుల ముందు వెలువడిన రెండో అధ్యయనం ప్రకారం మూడేళ్లలో కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు, మొత్తం పోగొట్టుకున్నది 1.8 లక్షల కోట్లకు పైమాటే. ఈ ఆలస్యానికి ఎన్నికలే కారణమనడానికి మా దగ్గర రుజువు లేదు. కానీ జబ్బేమిటో తెలిసి దాదాపు ఇరవై నెలలు మందు వేయకపోవడం నియంత్రణ సంస్థ వైఫల్యం. ఆ మధ్యకాలంలోనే సార్వత్రిక ఎన్నికలు వచ్చి వెళ్లాయి.

పన్నుల తీరూ ఇదే. 2024 ఫిబ్రవరి 1 మధ్యంతర బడ్జెట్‌లో పన్ను రేట్లను మార్చలేదు. ఓట్లు పడ్డాక, జూలై 23న స్వల్పకాలిక మూలధన లాభాలపై పన్ను 15 నుంచి 20 శాతానికి, దీర్ఘకాలిక లాభాలపై 10 నుంచి 12.5 శాతానికి పెరిగింది, అదీ ఆ రోజు నుంచే. పన్ను పెంచే హక్కు ప్రభుత్వానిది. దాన్ని పోలింగ్ ముగిసేదాకా దాచడం మదుపరిని, ఓటరును కలిపి మోసగించడమే.

2020 మార్చిలో నాలుగు కోట్లున్న డీమ్యాట్ ఖాతాలు 2024 మార్చి నాటికి 15 కోట్లు దాటాయి. విజయవాడ, వరంగల్ వంటి ఊళ్లలో జీతం పడగానే ఫోన్‌లో షేర్లు కొనేవారు వీరిలో ఉన్నారు. తెలుగుదేశం 16 లోక్‌సభ సీట్లతో కేంద్రంలో కీలకమయ్యాక ఆ పార్టీ అధినేత కుటుంబ సంస్థ హెరిటేజ్ ఫుడ్స్ షేరు కొద్ది రోజుల్లోనే సగానికి పైగా పెరగడాన్ని, అంతకుముందు ఫలితాల నాడు స్టేట్ బ్యాంక్, ఎన్‌టీపీసీ వంటి ప్రభుత్వ రంగ షేర్లు పది శాతానికి మించి పడిపోవడాన్ని వీరు కళ్లారా చూశారు. సీట్ల లెక్కతో ధరలు మారడం మార్కెట్ సహజ గుణం, దాన్ని ఏ చట్టమూ ఆపలేదు. సీట్ల లెక్క తేలకముందే అధికారంలో ఉన్నవారు ధరలను ఊరించడం ఆపగలిగిన పని.

జూన్ 3, 4 తేదీల్లో ఏ వర్గం ఎంత కొన్నదో, ఎంత అమ్మిందో, డెరివేటివ్స్‌లో ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎంత డబ్బు వెళ్లిందో ఎక్స్ఛేంజ్‌ల కంప్యూటర్లలో ప్రతి ఆర్డరుతో సహా ఉంది. పేర్లు చెప్పనక్కర్లేదు, వర్గాలవారీ లెక్కలు చాలు. సెబీ ఆ నివేదికను ఆర్థిక వ్యవహారాల పార్లమెంటరీ స్థాయీ సంఘం ముందు పెట్టి, అదే రోజు ప్రజలకూ విడుదల చేయాలి. ఇకమీదట మదుపరులు నష్టపోతున్నారని తన అధ్యయనమే తేల్చినప్పుడు, ఏం చేయబోతున్నదో ఆరు నెలల్లోగా చెప్పి తీరాలి, ఆ ఆరు నెలల్లో ఎన్నికలున్నా సరే.