పాత ఫోను అప్పుడే ఇచ్చెయ్యకండి

నాదర్‌గుల్ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అందులో మూడు పేజీలు కోపం, ఒక పేజీ దుఃఖం. కోపమంతా ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్న కొడుకు మీద. దుఃఖం మాత్రం ఈ మధ్యనే కాలం చేసిన మామగారిని గురించి.

సంగతి ఇది. పెద్దమ్మాయి డల్లాస్ నుంచి వస్తూ తెచ్చి ఇచ్చిన ఐఫోను ఈవిడ దగ్గర మూడేళ్ళుగా ఉన్నది. అబ్బాయిగారు అమ్మ నిద్రపోతున్న వేళ చూసి అందులో 'బీటా' సాఫ్టువేరు ఎక్కించాడు. అప్పటినుంచి బాటరీ మధ్యాహ్నం మూడింటికే ఖాళీ. ఈ బాధ పడలేక ఇంటాయన దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి కొత్త ఐఫోను కొని తెచ్చారు. పాతది మార్పిడి కింద ఇచ్చెయ్యాలి, శుక్రవారం దుకాణం మనిషి వచ్చి తీసుకుపోతాడు. ఈలోగా పాతదానిలోని సరుకంతా కొత్తదానిలోకి దించుదామని కూర్చుంటే, కొత్త ఫోను ససేమిరా అన్నది. దుకాణంలో అడిగితే, "బాకప్పు చెడిపోయిందమ్మా, ఆశ వదులుకోండి" అన్నారట.

ఆ పాత ఫోను వాట్సాప్‌లో మామగారు పంపిన మాటల ముక్కలు నలభై పైచిలుకు ఉన్నాయి. "బిడ్డా, మందులు ఏసుకున్న, పరేషాన్ గాకు" అని ఆసుపత్రి మంచం మీదినుంచి పంపినది ఆఖరుది. అది కూడా పోయినట్టేనా అని ఆమె ప్రశ్న.

ఉత్తరంలో నంబరు కూడా రాసి ఉండటం మేలయింది. పత్రిక అచ్చయి వచ్చేదాకా ఆగితే శుక్రవారం దాటిపోతుంది గనుక ఆ సాయంత్రమే మాట్లాడాను. ఇటువంటి ఇక్కట్టు ఇంకా ఎన్ని ఇళ్ళలో ఉన్నదో గనుక, ఆవిడతో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట బీటా అంటే ఏమిటో చూద్దాం. ఆవకాయ కలిపి జాడీలో పెట్టాక మూడోనాడు మూత తీసి తిరగకలుపుతాం. ఆ రోజు ఓపిక పట్టలేని పిల్లలు వేలు ముంచి నాకుతారు. కారం ఒకచోట, ఉప్పు ఒకచోట, ముక్క ఇంకా ఊరలేదు. రుచి తెలుస్తుంది గాని అది పూర్తి ఆవకాయ కాదు. కంపెనీలు తమ కొత్త సాఫ్టువేరును అందరికీ విడుదల చెయ్యకముందు ఇట్లాగే కొందరికి రుచి చూపిస్తాయి. తప్పులుంటే వాళ్ళు చెబుతారు, కంపెనీ దిద్దుకుంటుంది. ఆపిల్ కంపెనీ ఐఫోను బీటాలను మామూలు జనానికి కూడా 2015 నుంచి ఇస్తున్నది. 2023 నుంచి అయితే సెట్టింగ్స్‌లోనే ఒక మీట పెట్టేశారు. అంత సులువు చేశాక ఇంజనీరింగు కుర్రవాడు ఊరుకుంటాడా? 1981లో ఎం.వి.ఎస్.ఆర్. కాలేజీ వెలసిన ఊరు నాదర్‌గుల్. శిక్షణ విమానాల మైదానం కూడా అక్కడిదే. ఏ యంత్రాన్నయినా విప్పి చూడాలన్న ఉబలాటం ఆ గాలిలోనే ఉన్నది కాబోలు. ఉబలాటాన్ని నేను తప్పు పట్టను. కాకపోతే అది సొంత ఫోను మీద తీర్చుకోవాలి, అమ్మ ఫోను మీద కాదు.

ఇక బాకప్పు చెడిపోవటం మాట. అది చెడిపోలేదు. పూర్తిగా నిక్షేపంగా ఉన్నది. అయితే దానిని కొత్త ఫోను చదవలేదు.

ఒక బట్టల దుకాణం ఊహించుకోండి. ఖాతా పుస్తకంలో పేరు, సరుకు, పైకం అని మూడు గళ్ళు. కొత్త గుమాస్తా వచ్చి ఇంకో రెండు గళ్ళు గీసి, కొన్ని పద్దులకు తన సొంత గుర్తులు పెట్టాడు. పాత పుస్తకం ఇస్తే అతను దానిని తన పద్ధతిలోకి తిరగరాసుకోగలడు, పాత పద్ధతి తెలిసినవాడే గనుక. అతను రాసిన పుస్తకం పాత గుమాస్తాకు ఇస్తే ఆ రెండు గళ్ళేమిటో, ఆ గుర్తులేమిటో ఆయనకు అంతుపట్టదు. తోచినట్లు చదివి లెక్కలు తారుమారు చేసేకన్నా ముట్టుకోకపోవటం నయం. ఫోను కూడా అంతే. ఫోటోలు, సందేశాలు, అమరికలు దాచుకునే పద్ధతిని ప్రతి కొత్త సాఫ్టువేరు కొంత మారుస్తుంది. చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు ఎక్కే మెట్లున్నాయి, దిగే మెట్లు లేవు. బీటా ఎక్కిన పాత ఫోనుది పెద్ద అంకె. పెట్టె విప్పిన కొత్త ఫోనుది చిన్న అంకె. వయసుకు పాతదే పెద్దదన్నమాట, తెలివికి కూడా!

ఇది ఈ ఒక్క ఇంటి కథ అనుకునేరు. 2024లో ఏమయిందంటే, ఐ.ఓ.ఎస్. 18 ఇంకా విడుదల కాకముందే, జులై 29న, 18.1 బీటా బయటికి వచ్చింది. సెప్టెంబరు 16న అందరికీ 18 ఇచ్చారు. 20వ తేదీన మన దేశంతో సహా చాలా దేశాల్లో ఐఫోను 16 అమ్మకానికి పెట్టారు, దానిలో ఉన్నది 18. అప్పటికి రెండు నెలలుగా 18.1 బీటా వాడుతున్నవాళ్ళు వేలకు వేలు పోసి కొత్త ఫోను తెచ్చుకుని, బాకప్పు ఎక్కక గుడ్లప్పగించి కూర్చున్నారు. అసలు 18.1 అందరికీ వచ్చింది అక్టోబరు 28న. అంటే అయిదు వారాల పైన. ప్రతి ఏడూ ఆ రోజుల్లోనే కొత్త ఫోన్లు, ఆ రోజుల్లోనే తరువాతి బీటాలు. మనకేమో ఆ రోజుల్లోనే దసరా, దీపావళి బేరాలు.

సరే, చెయ్యవలసింది ఏమిటి?

పాత ఫోను ఇవ్వకూడదు. దానిలోనిది చెరపకూడదు. దుకాణంవారిని గడువు అడగాలి. గడువు ఇవ్వకపోతే మార్పిడి కింద తగ్గే సొమ్ము వదులుకోవలసి వచ్చినా సరే, నేను మటుకు వదులుకోమనే చెబుతాను. ఆ డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు, మామగారి గొంతు ఏ దుకాణంలోనూ దొరకదు.

తరువాత రెండు ఫోన్లలోనూ సెట్టింగ్స్‌లో జనరల్, అందులో ఎబౌట్ చూసి, అంకెలు కాగితం మీద రాసుకోవాలి. కొత్తదాని అంకెను పాతదానితో సమానంగానైనా, పైకైనా తీసుకురావటమే అసలు పని. ఈలోగా ఆ సాఫ్టువేరు అందరికీ విడుదలయి ఉంటే మరీ సులువు, కొత్త ఫోనును అప్‌డేట్ చేస్తే చాలు. విడుదల కాకపోతే, కొత్త ఫోనును బాకప్పు లేకుండా ఖాళీగా తెరవాలి. అదే ఆపిల్ ఖాతా ఇచ్చి, సాఫ్టువేరు అప్‌డేట్ పేజీలో బీటాను ఎంచుకుని, పాతదానిలో ఉన్న బీటానే దీనిలోనూ ఎక్కించాలి. అది పూర్తయ్యాక ఫోనును మళ్ళీ మొత్తం చెరిపి, మొదటినుంచి తెరుస్తూ, బాకప్పు నుంచి తెచ్చుకుంటాను అనాలి. అప్పుడు మారుమాట లేకుండా తీసుకుంటుంది. చెరపమన్నది కొత్త ఫోనును సుమా! కంగారులో పాతదానిని చెరిపినవారు కూడా ఉన్నారు.

ఈ దారి పనిచేస్తుంది గాని, ఒక ఇంట్లో మూడోనాటి ఆవకాయ జాడీలు రెండవుతాయి. అందువల్ల తొందర లేనివారు రెండు ఫోన్లూ దగ్గర పెట్టుకుని అసలు విడుదల వచ్చేదాకా ఆగటమే నాకు నచ్చిన పద్ధతి. బాటరీ మధ్యాహ్నానికే అయిపోయే ఫోనుకు మంచి ఉపాయం, దాన్ని చార్జరుకు తగిలించి అలమారులో ఉంచటమే.

వాట్సాప్ సంగతి వేరు. దానికి తన సొంత బాకప్పు ఉన్నది. ఫోను బాకప్పు మొరాయించినా ఇది విడిగా వస్తుంది. పాత ఫోనులో వాట్సాప్ సెట్టింగ్స్, చాట్స్, చాట్ బాకప్ అని వెళ్ళి, ఇప్పుడే బాకప్పు తీయమనాలి. పూర్తయిందని తేదీ, వేళ చూపించేదాకా ఆగాలి. ఆ తరువాతే అదే నంబరుతో కొత్త ఫోనులో వాట్సాప్ తెరవాలి. ముందే తెరిస్తే పాత ఫోనులో వాట్సాప్ బయటికి నెట్టేస్తుంది. బాకప్పుకు రహస్యపదం పెట్టే ఏర్పాటు 2021 నుంచి ఉన్నది. అది పెట్టుకున్నవారు మరచిపోతే వాట్సాప్ కంపెనీ కూడా తెరిచి ఇవ్వలేదు.

మన సోదరి ఆ రాత్రే ఈ పని చేశారు. మామగారి మాటలు కొత్త ఫోనులోకి వచ్చాయి. అంతటితో ఊరుకోవద్దన్నాను. ఆ ఒక్క సంభాషణను 'ఎక్స్‌పోర్ట్ చాట్' నొక్కి, బొమ్మలు, ధ్వనులతో సహా బయటికి తీసి, కంప్యూటరులో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి దాచమన్నాను. ఎంత మంచి బాకప్పు అయినా ఒక కంపెనీ తాళం కిందే ఉంటుంది. ఇది మామూలు దస్త్రం, ఎప్పుడైనా ఎక్కడైనా వినవచ్చు.

ఐక్లౌడులో ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. పెళ్ళి ఫోటోలకే చాలదు. అయితే ఫోను మార్చుకునేవారికి మూడు వారాలదాకా అదనపు చోటు డబ్బు తీసుకోకుండా ఇస్తారు. 2021లో వచ్చిన ఈ సౌకర్యం చాలామందికి తెలియదు. సెట్టింగ్స్‌లో ఫోను మార్పిడి, చెరపటం అనే పేజీలోనే ఉన్నది. మూడు వారాల లెక్క మాత్రం మరువకండి. పైన చెప్పినట్లు అసలు విడుదల కోసం అయిదు వారాలు ఆగవలసి వస్తే, ఈ ఉచితపు చోటును నమ్ముకుని పాత ఫోను ఇచ్చేస్తే మోసపోతారు.

ఇంట్లో కంప్యూటరు ఉన్నవారికి ఇంకా గట్టి దారి ఉన్నది. బీటా ఎక్కించకముందే ఫోనును కంప్యూటరుకు తగిలించి బాకప్పు తీసి, దానిని 'ఆర్కైవ్' చెయ్యాలి. అంటే తరువాతి బాకప్పులు దానిమీద పడకుండా విడిగా కట్టి పెట్టటం. ఆపిల్ కంపెనీ తానే ఈ మాట చెబుతుంది. ఎందుకంటే బీటా వద్దనుకుని వెనక్కు వచ్చేవారికి పనికివచ్చేది అంతకు ముందు తీసిన బాకప్పు ఒక్కటే. తీసేటప్పుడు రహస్యపదం పెట్టి తీస్తే ఆరోగ్యపు లెక్కలు, దాచుకున్న పాస్‌వర్డులు కూడా వస్తాయి, లేకపోతే రావు. మన అబ్బాయిగారు ఇదేమీ చెయ్యలేదని వేరే చెప్పాలా?

ఆండ్రాయిడు వాడేవారు మాకేం బాధ లేదనుకోవద్దు. అక్కడా పై అంకె ఆండ్రాయిడులో తీసిన బాకప్పు కింది అంకె ఫోనులోకి దిగదు. గూగుల్ వారి బీటా నుంచి మధ్యలో బయటికి వస్తే ఫోనులోనిదంతా చెరిగిపోతుంది. శాంసంగు వారు 2024 డిసెంబరులో మొదలుపెట్టిన వన్ యూఐ 7 బీటాను మన దేశంలోనూ ఇచ్చారు గనుక ఈ సరదా అక్కడి కుర్రవాళ్ళకూ అంటుకున్నది. ఇంకొకటి. పాత ఫోనును 57 రోజులు వాడకుండా పడేస్తే గూగుల్ దాని బాకప్పును తీసేయవచ్చు. ఐక్లౌడులో అయితే బాకప్పు ఆపేసిన తరువాత 180 రోజులు. వాట్సాప్ బాకప్పులు 2024 నుంచి గూగుల్ ఇచ్చే 15 జీబీ లెక్కలోకే వస్తున్నాయి. అది నిండిందంటే కొత్త బాకప్పులు ఆగిపోతాయి, మనం మాత్రం జరుగుతున్నాయనే అనుకుంటూ ఉంటాం. నెలకొకసారి ఆ తేదీ చూసుకోవటం మంచిది.

అంతా కొత్త ఫోనులోకి చేరి, ఒక వారంపాటు వాడి, కావలసినవన్నీ ఉన్నాయని చూసుకున్నాక అప్పుడు పాతదానిలో ఆపిల్ ఖాతా నుంచి బయటికి వచ్చి, మొత్తం చెరిపి ఇవ్వండి. ఖాతా తీయకుండా ఇస్తే కొన్నవాడికి అది తెరుచుకోదు, వాడు మళ్ళీ మీ ఇంటికే వస్తాడు.

బాకప్పుతో రానివి కొన్ని ఉంటాయి. బాంకు యాప్‌లు, ఫోన్‌పే, గూగుల్‌పే వంటివి కొత్త ఫోనును కొత్త మనిషిగానే చూస్తాయి. సిమ్ కార్డును కొత్తదానిలోకి మార్చి మళ్ళీ నమోదు చేసుకోవాలి. అప్పుడు ఆ సిమ్ నుంచే ఒక ఎస్సెమ్మెస్ వాటంతట అవే పంపుకుంటాయి. రీచార్జి గడువు దాటిన సిమ్ అయితే అది వెళ్ళదు, నమోదు కాదు. కూరగాయల బండి దగ్గర నిలబడి ఈ సంగతి తెలుసుకోకుండా, ముందురోజే ఇంట్లో చూసుకోండి.