క్రిస్మస్‌కు జరిమానా!

క్రిస్మస్ పండుగ చేసుకున్నవారు జరిమానా కట్టవలసిన రోజులుండేవంటే నమ్ముతారా? 1659లో అమెరికాలోని మసాచుసెట్స్ వలస ప్రాంతములో ఇట్టి చట్టము వచ్చింది. పండుగని పని మానినా, విందు చేసినా అయిదు షిల్లింగులు చెల్లించాలి. చట్టము చేసినవారు నాస్తికులు కారు. ప్యూరిటన్లనే భక్తిగల క్రైస్తవులే! ఈ పండుగ బైబిలులో లేదనీ, దాని పేరుతో త్రాగుడు, జూదము సాగుచున్నవనీ వారి అభ్యంతరము. 1681లో ఆ చట్టము రద్దయింది. 1856లో అక్కడే క్రిస్మస్ సెలవుదినమయింది.

పండుగను మాన్పించుట సరియని మేమనము. అయితే కొత్త బట్టలు, కేకులు, నక్షత్ర దీపముల సందడిలో ప్రభువును మరచిపోతే, వారి అభ్యంతరము మనకూ తగులుతుంది. సత్రములో దొరకని స్థలము మన ఇంటనైనా ఆయనకు దొరకాలి కదా!