ముందు కొలబద్ద, తరువాత చక్రం

మన కాలేజీ వార్షిక సంచికలో అమెరికా పాతకార్ల చక్రాల గోల ఎందుకయ్యా అని కొందరు మిత్రులు అడగవచ్చు. అడగడం న్యాయమే. కాని ఈ సంచిక అందుకునే పూర్వ విద్యార్థుల్లో చాలామంది ఇప్పుడు ఆ దేశంలోనే ఉన్నారు. చేతిలో నాలుగు డాలర్లు ఆడగానే, చిన్నప్పుడు ఇంగ్లీషు సినిమాల్లో చూసిన పొడుగు ముక్కు కార్ల మీద మోజు పుట్టినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి. ఆ మోజులో నేను చేసిన తప్పు ఇంకొకరు చెయ్యకూడదనే ఈ నాలుగు మాటలు. ఇక్కడ చదువుకుంటున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ కూడా ఇవి పనికొస్తాయి. ఊరు మారినా చక్రం లెక్క మారదు కదా!

ముందు మజిల్ కారు అంటే ఏమిటో చెప్పాలి. మధ్యరకం కారులో పెద్ద కారు ఇంజను దింపి, కుర్రకారుకి అందే ధరలో అమ్మడం, అదీ కిటుకు. 1964లో పాంటియాక్ వాళ్ళు టెంపెస్ట్ అనే మామూలు కారులో 389 ఘనపు అంగుళాల ఇంజను పెట్టి, జి.టి.ఓ. అని పేరు తగిలించి వదిలారు. బలం 325 హార్స్‌పవర్. అంత బలాన్ని నేలకు అందించే టైర్లు మాత్రం ఏడున్నర అంగుళాల వెడల్పువి, 14 అంగుళాల రిమ్ము మీదవి! ఇవాళ చూస్తే నవ్వొస్తుంది. అప్పట్లో అంతకన్నా మంచివి సులువుగా దొరికేవి కావు. తరువాత టైర్లు కొంచెం వెడల్పయ్యాయి. 1969 షెవర్లే కమారో ఎస్.ఎస్. కారుకి ఎఫ్70-14 టైర్లు, 7 అంగుళాల వెడల్పు రిమ్ములు ఇచ్చారు. ఇందులో ఎఫ్ అన్నది టైరు మొయ్యగల బరువుకి గుర్తు. 70 అంటే టైరు ప్రక్క ఎత్తు దాని వెడల్పులో నూటికి డెబ్భై వంతులని. 14 రిమ్ము వ్యాసం.

నేను మిషిగన్‌లో కొన్నది సరిగ్గా ఆ 1969 కమారోనే. డెట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ ఎవెన్యూ అనే రోడ్డుంది. 1995 నుంచి అక్కడ ఆగస్టులో పాతకార్ల ఊరేగింపు జరుగుతోంది. మన తిరునాళ్ళే అనుకోండి. అక్కడ చూశాను, ప్రతి రెండో కారుకీ పళ్ళేలంత రిమ్ములు, వాటి చుట్టూ రబ్బరు గాజు తొడిగినట్టు సన్నటి టైర్లు. మనసాగలేదు. ఒక కొట్టుకెళ్ళి 18 అంగుళాల రిమ్ములు, 245/45 టైర్లు బిగించుకున్నాను. "సరిగ్గా పడతాయి సార్" అన్నాడు కొట్టువాడు. పడ్డాయి కూడా. ఆ ఆదివారం పిల్లలిద్దర్నీ వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాను. ఒక మలుపులో చిన్న గతుకు తగిలింది. కర్రుమని చప్పుడు. మడ్‌గార్డు రేకు అంచు ముందు టైరు ప్రక్కని కత్తితో చీరినట్టు చీరేసింది. అప్పుడు వేగం ఇరవై మైళ్ళు కాబట్టి ఇవాళ ఈ వ్యాసం రాస్తున్నాను. అదే హైవే మీద డెబ్భైలో జరిగి ఉంటే? ఆ ప్రశ్న ఇప్పటికీ రాత్రిళ్ళు నన్ను లేపుతుంది.

తప్పు కొట్టువాడిది అని అనొచ్చు. నేననను. మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నవాణ్ణి, టేపు చేతిలోకి తీసుకోకుండా డబ్బు తీశాను. తప్పు నాదే.

ఇంటికొచ్చి కొలిచాను. చిత్రమేమిటంటే టైరు ఎత్తులో తేడా దాదాపు లేదు. లెక్క చాలా సులువు. టైరు వెడల్పుని ప్రక్క ఎత్తు శాతంతో గుణించి, రెండింతలు చేసి, రిమ్ము వ్యాసం కలపాలి. పాత టైరుకి ఈనాటి దగ్గరి సైజు 225/70 ఆర్ 14. దాని వ్యాసం 157.5 రెండింతలు 315, దానికి 14 అంగుళాల రిమ్ము 355.6 కలిపితే సుమారు 671 మిల్లీమీటర్లు. నేను వేయించిన 245/45 ఆర్ 18 సుమారు 678. తేడా నూటికి ఒకటే. మరి గొడవ ఎక్కడొచ్చింది? రిమ్ము వెడల్పులో, అది బోల్టుల దగ్గర కూర్చునే చోటులో వచ్చింది. కొత్త రిమ్ము పాతదానికన్నా అంగుళం పైగా బయటికి పొడుచుకొచ్చింది.

దీన్నే బ్యాక్ స్పేసింగ్ అంటారు. కొలవడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. చక్రాన్ని బోర్లా పడుకోబెట్టి, వెనక అంచు మీద అడ్డంగా ఒక తిన్నటి బద్ద పెట్టండి. ఆ బద్ద నుంచి, హబ్బుకి ఆనే ముఖం దాకా ఎంత లోతుందో చూడండి. అంతే. ఇది తగ్గితే చక్రం బయటికొచ్చి మడ్‌గార్డుని తాకుతుంది. పెరిగితే లోపలికెళ్ళి స్ప్రింగునో ఛాసిస్‌నో రాసుకుంటుంది. పాత చక్రం మీద కారుని నిలబెట్టి లోపల ఎంత ఖాళీ ఉందో, బయట ఎంత ఉందో కొలుచుకోవాలి. ముందు చక్రాల్ని అటు చివరికీ ఇటు చివరికీ తిప్పి మళ్ళీ కొలవాలి. నలుగురు మనుషుల్ని ఎక్కించి ఇంకోసారి చూడాలి. యాభై ఏళ్ళు దాటిన కార్లివి. స్ప్రింగులు కుంగి ఉంటాయి, రేకులు ఎన్నోసార్లు మార్చి ఉంటారు. పక్కవాడి కమారోకి పట్టింది మన కమారోకి పడుతుందన్న హామీ లేదు.

ఎత్తు సంగతీ తేలిగ్గా తీసుకోకండి. ఒక మిత్రుడు వెనక భాగం లేచి ఉంటే బాగుంటుందని 255/70 ఆర్ 15 వేయించాడు. వ్యాసం 738. అంటే నూటికి పది ఎక్కువ. స్పీడోమీటరు 60 చూపిస్తుంటే బండి 66లో పోతోంది. పైగా వెనక యాక్సిల్ గేరు పలచబడినట్టయి, కదిలేటప్పుడు లాగే బలం ఆ మేరకు తగ్గింది. మజిల్ కారు కొనేది దేనికి? ఆ లాగుడుకే! డబ్బిచ్చి మరీ దాన్ని తగ్గించుకున్నాడు.

బోల్టుల వలయం ఇంకో గండం. కమారోకి అయిదు బోల్టులూ 4.75 అంగుళాల వలయం మీద ఉంటాయి. ఫోర్డ్ మస్టాంగ్‌వి 4.5 మీద. తేడా పావు అంగుళమే. బలవంతంగా బిగిస్తే బిగిసినట్టే కనిపిస్తుంది కూడా. కాని ఒక్కో బోల్టూ ఒంపు తిరిగి, ఏనాడో పుటుక్కుమంటుంది.

ఇక్కడ రెండు పక్షాలవాళ్ళున్నారు. ఒకరు షోకిల్లా రాయుళ్ళు. 20 అంగుళాల రిమ్ము లేకపోతే కారే కాదంటారు. రెండోవారు మడికట్టుకున్నవాళ్ళు. ఆనాడు కంపెనీ ఇచ్చిన బయాస్ ప్లై టైరు తప్ప ఇంకోటి ముట్టమంటారు. మన లారీ షెడ్లలో నైలాన్ టైర్లంటారే, ఆ రకం. ప్రదర్శనలో నిలబెట్టే కారుకి వాళ్ళ మాట ఒప్పుకుంటాను. రోడ్డు మీద పిల్లాపాపలతో తిరిగే కారుకి ఒప్పుకోను. మిషెలిన్ వాళ్ళు రేడియల్ టైరుకి 1946లోనే పేటెంటు తీసుకున్నారు. తడి రోడ్డు మీద పట్టు, తిన్నగా నడవడం, వేడి తట్టుకోవడం, అన్నింటిలోనూ అది మేలు. పాతకారు మీది గౌరవం ప్రాణం మీదికి తెచ్చుకోమని చెప్పదు కదా. అయితే ఒక కారుకి రెండు రకాలూ కలిపి మాత్రం వెయ్యకండి. అలాగే రేడియల్ వేశాక పాత మాన్యువల్ లోని అలైన్‌మెంట్ కొలతలు పట్టుకు వేళ్ళాడకండి. అవి ఆనాటి టైర్ల కోసం రాసినవి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కారు పుట్టినప్పటి చక్రం మొత్తం వ్యాసాన్ని నూటికి రెండు, మూడు లోపు తేడాతో కాపాడుకోండి. ఆ హద్దు లోపల 15 అంగుళాల రిమ్ముకి వెళ్ళండి. ఇది అపచారం కాదు. అదే 1969లో అదే కమారోని జెడ్-28 రకంలో 15 అంగుళాల రిమ్ములతో, 7 అంగుళాల వెడల్పుతో కంపెనీయే అమ్మింది. ఇప్పుడు నా కారుకున్నవి ఆ కొలత రిమ్ములే, 235/60 ఆర్ 15 టైర్లు. వ్యాసం 663. ప్రక్క ఎత్తు బాగా ఉంటుంది కాబట్టి మిషిగన్ చలికి పగిలిన రోడ్ల గతుకుల్ని టైరే మింగేస్తుంది. చూడ్డానికీ కారు వయసుకి తగ్గట్టుంటుంది.

చివరిగా ఒక్క మాట. పాతకార్లు తక్కువ తిరుగుతాయి, టైర్లు అరగవు. అరగలేదు కదా అని మురిసిపోవద్దు. రబ్బరుకీ ముసలితనం ఉంది. టైరు ప్రక్కన డి.ఓ.టి. అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. పదేళ్ళు దాటినదాన్ని, ఎంత కొత్తగా కనిపించినా, తీసి పారెయ్యండి.

అందానికి పెట్టుకున్న సొమ్ము ఆపదకు అక్కరకొస్తుందని మన పెద్దలంటారు. చక్రాల దగ్గర మాత్రం ఆ సొమ్మే ఆపదని తెస్తుంది. సుమారు పదిహేను వందల కిలోల కారు, అందులోని మనవాళ్ళూ, నేలని తాకేది నాలుగు చోట్ల, ఒక్కో చోట మన చెయ్యంత జాగాలో. తమ్ముళ్ళూ, రేపు మీ మోటారుసైకిలుకో మీ నాన్నగారి కారుకో లావుపాటి టైర్లు వేయించాలన్న సరదా మీకూ పుట్టొచ్చు. సరదా తప్పు కాదు. కొట్టుకి బయల్దేరేముందు వర్క్‌షాపులో మనకి మొదటి రోజే చేతికిచ్చిన ఆ కొలబద్దని ఒక్కసారి తలుచుకోండి.