శత్రువు మారిపోయాక

పోయిన ఆదివారం శాంతారాం తీసిన ‘డాక్టర్ కోట్నిస్ కీ అమర్ కహానీ’ మళ్ళీ చూశాను. ఈసారి ఒక్కడినే కాదు. ఇక్కడ పాపటోయిటోయిలో మా పక్కింట్లో ఉండే చైనా ఆంటీ కూడా వచ్చి కూర్చుంది. ఆవిడది షిజియాఝువాంగ్. కోట్నిస్ సమాధి అక్కడే ఉంది. చిన్నప్పుడు బళ్ళో అందరినీ వరసకట్టించి, పూలు పెట్టడానికి తీసుకెళ్ళేవారట. నాకేమో ఆయన పుట్టిన సోలాపూర్ అంటే తెలంగాణ నుంచి వలసపోయిన మన పద్మశాలీల మగ్గాల ఊరు. ఆ డాక్టర్ మాట అలా మా ఇద్దరి మధ్యా వచ్చింది.

కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. జపాన్ దాడిలో నలుగుతున్న చైనాకి 1938లో మన కాంగ్రెస్ అయిదుగురు డాక్టర్లని పంపింది. నలుగురు తిరిగొచ్చారు. ద్వారకానాథ్ కోట్నిస్ అక్కడే ఉండిపోయాడు. కమ్యూనిస్టు సైన్యంలో గాయపడ్డవాళ్ళకి వైద్యం చేశాడు, క్వో చింగ్లాన్ అనే ఆమెను పెళ్ళాడాడు. 1942 డిసెంబర్ 9న, 32 ఏళ్ళకే పోయాడు.

సినిమా 1946లో వచ్చింది. యుద్ధకాలంలో ముడిఫిలిం ఎవరికివ్వాలన్నది ఇంగ్లీషు సర్కారు చేతిలో ఉండేది. దానికి యుద్ధప్రచారం కావాలి. శాంతారాం, రచయిత అబ్బాస్ కలిసి గడుసు పని చేశారు. శత్రువు జపానే కాబట్టి సర్కారుకి పేచీ లేదు. హీరోని పంపినది మాత్రం కాంగ్రెస్! తీరా సినిమా విడుదలయ్యేసరికి యుద్ధమే అయిపోయింది.

ఇప్పుడు చూస్తే ఎలా ఉంది? చైనా అమ్మాయిగా జయశ్రీ కనబడగానే ఆంటీ పకపకా నవ్వింది. నాకు సిగ్గేసింది. జపాన్ సైనికులు మనుషుల్లా ఉండరు, అచ్చం రాక్షసులు. కోట్నిస్ ప్లేగుకి మందు కనిపెట్టబోయి ఆ జబ్బు తెచ్చుకున్నట్టు చూపిస్తారు. నిజానికి ఆయన పోయింది మూర్ఛరోగంతో. ప్రచారచిత్రంలో హీరోకి మూర్ఛ వస్తే బాగుండదనుకున్నారేమో. ఆ జబ్బుతోనే ఆయన ఆసుపత్రి నడిపాడన్న నిజం నాకైతే ప్లేగు కథకన్నా పెద్దదిగా అనిపిస్తుంది.

చివర్లో కోట్నిస్ చావుబతుకుల్లో ఉండి, నువ్వు మా ఊరు వెళ్ళినప్పుడు ఇలా ఉంటుంది, మా ఇల్లు ఇలా ఉంటుంది అని భార్యకి చెబుతాడు. తర్వాత ఆమె బిడ్డనెత్తుకుని అత్తగారింటికి వస్తుంది. ఇక్కడ ఆంటీ నవ్వలేదు.

“ఆ పిల్లాడి పేరు యిన్‌హువా. యిన్ అంటే ఇండియా, హువా అంటే చైనా. పాతికేళ్ళకే పోయాడు,” అంది.

అది 1967. అప్పటికే రెండు దేశాల మధ్యా 1962 అయిపోయింది. తల్లి 2012 దాకా చైనాలోనే బతికింది.

ఈ సినిమా మనల్ని రెండు పనులు చెయ్యమంది: జపాన్‌ని ద్వేషించు, చైనాని ప్రేమించు. ఇప్పుడు జపాన్ మనకి మిత్రదేశం, చైనా సంగతి చెప్పక్కర్లేదు. అందుకే ద్వేషించమన్న చోట నవ్వొస్తుంది, ప్రేమించమన్న చోట ఇబ్బందిగా ఉంటుంది. సినిమా మధ్యలోనే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో చైనావాళ్ళ మీద ఓ వీడియో వచ్చింది. ఫోన్ బోర్లా పెట్టేశాను. 2020లో, గల్వాన్ రోజుల్లో, అలాంటివి నేనూ నలుగురికీ పంపాను. అప్పటికీ ఆంటీ మా పక్కింట్లోనే ఉంది.

వెళ్ళేముందు అడిగింది, “సోలాపూర్లో కూడా ఆయనకి స్మారకం ఉందటగా, మీరూ పూలు పెడతారా?” అని.

హైదరాబాదు నుంచి ముంబయి వెళ్ళే రైల్లో ఆ స్టేషన్ ఎన్నిసార్లు దాటానో లెక్కలేదు. ఒక్కసారీ దిగలేదు. అదే చెప్పాను.