ఇంటి లెక్క కూడ ఆరాధనయే



పంట అమ్మిన డబ్బు చేతికి వచ్చిన వారము మన ఇండ్లలో సందడిగా నుండును. పాత బాకీలవారు వత్తురు, బట్టల కొట్టుకు పోవుదుము, బంధువుల ఇంట ఏదో ఒక శుభకార్యము తగులును. రెండు నెలలు గడువకముందే పిల్లల పుస్తకములకు చేబదులు కొరకు ఇల్లిల్లు తిరుగుదుము. వచ్చిన డబ్బు ఏమైనదని అడిగితే భర్తకును తెలియదు, భార్యకును తెలియదు. హగ్గయి ప్రవక్త చిల్లులు పడిన సంచిని గూర్చి చెప్పెను (హగ్గయి 1:6). ఆ సంచి నేటికిని అనేక విశ్వాసుల ఇండ్లలో వ్రేలాడుచున్నది.

"ప్రభువే చూచుకొనును, మనకు లెక్కలెందుకు?" అను మాట సంఘములలో మాకు తరచుగా వినబడును. వినుటకు ఇది గొప్ప విశ్వాసమువలె నుండును. అయితే గోపురము కట్టదలచినవాడు పునాది వేయకముందే ఖర్చు లెక్క చూచుకొనునని చెప్పినవాడు మన ప్రభువే (లూకా 14:28-30). అయిదు వేలమందిని తృప్తిపరచిన తరువాత మిగిలిన ముక్కలను పోగుచేయించినవాడును ఆయనయే (యోహాను 6:12). అద్భుతము చేయగలవాడే ముక్కలను వృథా కానీయలేదు. అద్భుతము చేయలేని మనము ఇంకెంత జాగ్రత్తగా నుండవలెను!

మనము మన డబ్బుకు యజమానులము కాము, గృహనిర్వాహకులము. గృహనిర్వాహకుడు లెక్క అప్పగింపవలసినవాడు. కాకి లెక్కలు యజమాని యొద్ద చెల్లవు. యోసేపు ఐగుప్తులో చేసినది చూడుడి. అతడు కరవు వచ్చిన తరువాత ఆలోచన మొదలుపెట్టలేదు. సమృద్ధిగా పండిన ఏడు సంవత్సరములలోనే పంటలో అయిదవ భాగము తీసి దాచవలెనని ఫరోకు చెప్పెను (ఆది. 41:34-36). ఉద్యోగికి నెలనెల జీతము వచ్చును. రైతుకు డబ్బు వచ్చుట సంవత్సరమునకు ఒకటి రెండు మారులే, ఖర్చు మాత్రము ప్రతి దినము. కనుక డబ్బు వచ్చిన దినముననే, ఖర్చు చేయకముందే, దానిని విభాగించుట మనకు మరింత అవసరము.

ఒక ఉదాహరణ చూతము. పెట్టుబడి పోను ఒక కుటుంబమునకు 60,000 రూపాయలు మిగిలెననియు, మరియొక పంటకు ఆరు నెలలు పట్టుననియు అనుకొందము. మొదట దేవుని భాగము 6,000. పాత అప్పు తీర్చుటకు 10,000. వచ్చే పంట విత్తనములకు, ఎరువులకు 8,000. పిల్లల చదువునకు, జబ్బు చేసినప్పటికి 6,000. ఇవి పోను 30,000 మిగులును, అనగా నెలకు 5,000 మాత్రమే. ఈ అంకె కాగితముమీద కనబడిననాడు టీవీ కొనవచ్చునా లేదా అను ప్రశ్నకు జవాబు దానంతటదే దొరకును. కూలి డబ్బు, పాల డబ్బు వచ్చినయెడల దానిని కూడ అదే పుస్తకములో చేర్చవలెను. మీ అంకెలు వేరుగా నుండవచ్చును. పద్ధతి మాత్రము ఒక్కటే.

ఇక అప్పు సంగతి. అప్పు చేసినవాడు ఇచ్చినవానికి దాసుడగునని సామెతల గ్రంథము హెచ్చరించుచున్నది (22:7). ఆ దాస్యము ఎంతటిదో లెక్కవేసి చూతము. కూతురి పెండ్లి ఘనముగా చేయవలెనని నూటికి మూడు రూపాయల వడ్డీకి 50,000 తెచ్చితిమనుకొనుడి. నెలకు 1,500, సంవత్సరమునకు 18,000, మూడు సంవత్సరములకు 54,000 వడ్డీయే అగును. తెచ్చిన దానికంటె ఎక్కువ కట్టినను అసలు అట్లే నిలిచియుండును! పంట పెట్టుబడికైతే బ్యాంకు పంట ఋణము మూడు లక్షల వరకు ఏడు శాతము వడ్డీకి దొరకును, గడువులోగా చెల్లించువారికి అది నాలుగు శాతమే పడును. కౌలు రైతులకు ఆ ఋణము దొరకుట కష్టమే, అయినను అడుగకుండ మానవద్దు. ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పు తెచ్చుట ఎంత ప్రమాదమో 2010లో మన రాష్ట్రమంతయు చూచెను. సూక్ష్మ ఋణ సంస్థల వసూళ్లను అరికట్టుటకు ఆ అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చెను. ఇప్పుడు ఫోనులోనే క్షణములో అప్పు దొరకుచున్నది, యౌవనులు జాగ్రత్త. నలుగురిలో పేరు కొరకు చేసిన అప్పును దేవుని మీద భారము వేసితిమని చెప్పుట విశ్వాసము కాదు.

ఎలీషా కాలములోని విధవరాలికి దేవుడు నూనె విస్తరింపజేసినప్పుడు మొదట చెప్పబడిన పని ఏది? నూనె అమ్మి అప్పు తీర్చుట. మిగిలినదానితో ఆమెయు పిల్లలును బ్రదుకవలెను (2 రాజులు 4:7). అద్భుతము జరిగిన ఇంటిలో కూడ లెక్క తప్పలేదు.

కానుకల విషయములో ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. అప్పు చేసి కానుక ఇయ్యవద్దు. మనకు లేనిదానిని కాక, ఉన్నదానిని బట్టియే మన అర్పణ ప్రీతికరమగునని పౌలు వ్రాసెను (2 కొరింథీ 8:12). మన తల్లులు వంట చేయునప్పుడెల్ల పిడికెడు బియ్యము తీసి వేరుగా పెట్టి ఆదివారము సంఘమునకు తెచ్చు అలవాటు ఎంత శ్రేష్ఠమైనది! మిజోరాము ప్రెస్బిటేరియను సంఘములో ఈ పద్ధతి 1910లో మొదలై నేటికిని సాగుచున్నది. ఆ బియ్యము పొయ్యిమీదికి పోకముందే తీయబడును, మిగిలినప్పుడు కాదు. ఇంటి లెక్కలోని రహస్యమంతయు ఆ పిడికిలిలోనే యున్నది.

సంఘ పెద్దలకును కాపరులకును ఇదే నియమము. యెరూషలేము పేదల కొరకు పోగైన చందా విషయములో ఎవరును తప్పు పట్టకుండ పౌలు ఇతరులను కూడ తోడు పంపెను (2 కొరింథీ 8:18-21). సంఘపు లెక్క విశ్వాసుల యెదుట చదువబడనియెడల ఇంటి లెక్కను గూర్చి బోధించుటకు మనకు నోరు రాదు.

ఈ నెల ఇట్లు చేయుడి. ఒక రూళ్ల పుస్తకము కొనుడి. ఎడమవైపు వచ్చినది, కుడివైపు పోయినది తేదీతో వ్రాయుడి. టీకి ఇచ్చిన పది రూపాయలును వ్రాయుడి. పొదుపు సంఘములో పుస్తకము వ్రాయు సహోదరీలకు ఈ పని క్రొత్త కాదు, చదువు రానివారికి పిల్లలు వ్రాసిపెట్టగలరు. శనివారము రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు భార్యాభర్తలు కలిసి ఆ పుటను చూడుడి. ఒకరినొకరు నిందించుకొనవద్దు. భర్త తన బాకీలను దాచవద్దు, భార్య తన చీటీలను దాచవద్దు. తరువాత ఆ పుస్తకమును బైబిలు ప్రక్కన ఉంచి మోకరించుడి. ఎంత కొంచెమైనను ఆయన ఇచ్చినదే గనుక స్తోత్రము చెల్లించుడి.

కొంచెములో నమ్మకముగా నుండుటకు ప్రభువు మన గృహములకు జ్ఞానము దయచేయునుగాక. ఆమేన్.