మందు పడకపోతే దారి మూసుకుపోదు

జుట్టు పీక్కునే జబ్బుకు డిప్రెషన్ మందులు పడకపోయినా ‘ఓర్చుకుని వాడాల్సిందే’ అని మీ ఆరోగ్య పేజీలో రాయడం అన్యాయం. ఫ్లూఆక్సెటిన్ లాంటివి ఈ జబ్బుకు డమ్మీ మాత్రను మించి పనిచేస్తాయని పరీక్షల్లో గట్టిగా తేలనే లేదు. ఆ మందులు పడక, వాంతులతో, నిద్రలేక మా అమ్మాయి ఎందుకు నలిగిపోవాలి?

1973లోనే మనస్తత్వవేత్తలు అజ్రిన్, నన్ రూపొందించిన అలవాటు మార్పిడి చికిత్స ఊసే మీరెత్తలేదు. అందులో, చెయ్యి నెత్తి మీదికి పోతోందని గమనించగానే పిడికిలి బిగించి, ఆ తహతహ తగ్గేదాకా అలాగే ఉంచాలి. చదువుకునేటప్పుడు మా అమ్మాయి బొటనవేలికి, చూపుడువేలికి ప్లాస్టర్ చుట్టుకుంటుంది. దాంతో వెంట్రుక పట్టుకు చిక్కదు.

ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే మందు సంగతీ రాయాల్సింది. 2009లో 50 మంది పెద్దవాళ్లపై జరిగిన పరీక్షలో అది వాడినవారిలో సగానికి పైగా మెరుగుపడ్డారు. పిల్లల్లో మాత్రం ఫలితం కనబడలేదు, డాక్టరును అడిగే వాడాలి. అలవాటు మార్పిడి నేర్పే సైకాలజిస్టులు మన జిల్లాల్లో ఎక్కడున్నారో వచ్చే సంచికలో వేయండి.

– ఒక తల్లి, తెనాలి